చెంబు పెట్టి కొలిచి చూశాను



నేను విజయవాడ పటమటలో ఉంటాను. ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. రిటైరయ్యాక మనిషికి రెండు జబ్బులు పట్టుకుంటాయి. ఒకటి, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం. రెండోది, ఆ మెలకువలో ఇంట్లో ప్రతి చప్పుడూ వినపడటం. మా బాత్‌రూం కుళాయి టప్ టప్‌మని కారుతున్న సంగతి నాకు అలాగే తెలిసింది. ఎన్నాళ్ళ నుంచి కారుతోందని మా ఆవిణ్ణి అడిగాను. "మీరు రిటైరు కాకముందు నుంచీ కారుతూనే ఉందండీ, ఇప్పుడు మీకు వినపడింది, అంతే" అంది.

ఫిజిక్స్ మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ రాత్రి పదింటికి కుళాయి కింద బకెట్ పెట్టాను. పొద్దున ఆరింటికి లీటరు చెంబుతో కొలిచి చూస్తే ఐదు చెంబులు. ఎనిమిది గంటలకి ఐదు లీటర్లంటే రోజుకి పదిహేను. నెలకి నాలుగువందల యాభై. ఏడాదికి దాదాపు ఐదున్నర వేల లీటర్లు. ఎండాకాలం మన వీధుల్లోకి వచ్చే మామూలు ట్యాంకరుకి పట్టేది ఐదు వేల లీటర్లే. అంటే మా ఇంట్లో ఏడాదికి ఒక ట్యాంకరు నీళ్ళు, నేను నిద్రపోతూ ఉండగా, డ్రైనేజీలోకి పోతున్నాయన్నమాట.

ప్లంబరు అబ్బాయిని పిలిచి కొత్త కుళాయి వెయ్యమన్నాను. అతను విప్పి చూసి నవ్వాడు. "కుళాయికేం కాలేదు మాస్టారూ, వాషరు పోయింది. పోవడమేంటి, మీరే చంపారు." పాత ఇత్తడి కుళాయిలో అడుగున చిన్న రబ్బరు వాషరు ఉంటుంది. చుక్క కారగానే మనం ఇంకాస్త బలంగా బిగిస్తాం. బిగించేకొద్దీ వాషరు నలిగి ఇంకా కారుతుంది. అప్పుడు రెండు చేతులతో బిగిస్తాం. చివరికి వాషరు కూర్చునే ఇత్తడి అంచు కూడా అరిగిపోతుంది. ఇప్పుడొచ్చే సిరామిక్ డిస్కు కుళాయిలకి ఈ బాధ లేదు, పావు వంతు తిప్పితే మూసుకుంటాయి. బలం చూపించడానికి వాటిలో చోటే లేదు. పైపులో వచ్చే ఇసుక రేణువు డిస్కుల మధ్య పడితే మాత్రం అవీ కారతాయి. ఆ రోజు మా కుళాయికి పట్టిన వైద్యం పది నిమిషాలు. వాషరు ఖరీదు ప్లంబరు తాగిన టీ కంటే తక్కువ.

ఈ మాట మా అపార్ట్‌మెంట్ మీటింగులో చెప్తే ఒకాయన "కృష్ణ ఒడ్డున కూర్చుని చుక్కలు లెక్కపెడతారేంటండీ!" అన్నారు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు వెనక ఉన్న ధీమా గురించే ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను. నిజమే, మనది కృష్ణా డెల్టా. 1855లో కెప్టెన్ చార్లెస్ ఆర్ కట్టించిన ఆనకట్ట, అది 1952లో తెగిపోయాక 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజి, ఊళ్ళోంచే పారే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. ఎటు తిరిగినా నీళ్ళే కనిపించే ఊళ్ళో పుట్టినవాడికి కుళాయి కట్టెయ్యమని చెప్తే చెవికెక్కదు.

సరే, నది నీళ్ళకీ కుళాయి నీళ్ళకీ తేడా ఏమిటో 2024 సెప్టెంబరులో ఈ ఊరు కళ్ళారా చూసింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. క్యూసెక్కంటే సెకండుకి ఒక ఘనపుటడుగు, ఇరవై ఎనిమిది లీటర్ల పైమాట. గుణించి చూడండి, సెకండుకి మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్లు దాటుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన నగరంలో పది లక్షల పైచిలుకు మనుషులం. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని ప్రభుత్వ ఇంజనీర్లు వేసుకునే లెక్క. అంటే ఊరికంతటికీ ఒకరోజుకి దాదాపు పద్నాలుగు కోట్ల లీటర్లు. ఆ వరదలో అది నాలుగున్నర సెకండ్ల నీరు కూడా కాదు! ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలేలోగా ఊరి ఒకరోజు నీళ్ళు బ్యారేజి దాటి సముద్రం వైపు పోయాయి.

అదే రోజుల్లో బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. మా చెల్లెలి కుటుంబం అక్కడే ఉండేది. "అన్నయ్యా, మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్ళు. తాగడానికి మాత్రం గుక్కెడు లేవు" అని ఫోను చేసింది. డ్రోన్లతో, హెలికాప్టర్లతో మంచినీళ్ళ సీసాలు జారవిడవాల్సి వచ్చింది. నది అంత ఉప్పొంగినా నోట్లోకి పనికి రాలేదు. ఎందుకంటే కుళాయిలో వచ్చేది నది కాదు. నదిలోంచి తోడి, మడ్డి తేర్చి, ఇసుకపొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి, కరెంటు పెట్టి రిజర్వాయర్లకి ఎక్కిస్తే మన వీధికి దిగే వస్తువు అది. బియ్యం లాంటిది. వడ్లు పొలంలో ఎన్నున్నా, ఆడించి ఇంటికి తెచ్చిన బియ్యాన్ని మనం కాలవలో పోయం కదా.

ఇంకో సంగతి. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువలో వచ్చి బ్యారేజి ఎగువన కృష్ణలో కలుస్తున్నాయి. ఆ నీళ్ళు వస్తున్న రోజుల్లో పటమటలో కుళాయి తిప్పితే అందులో గోదావరి వాటా కూడా ఉంటుంది. ఎక్కడో గోదావరి గట్టున మోటార్లు తిరిగి ఎత్తిన నీళ్ళవి. బందరు కాలువ దిగువకి, దివిసీమ చివరికి వెళ్ళి చూడండి. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడే ఊళ్ళు బోలెడు. వేసవిలో కాలువలు కట్టేసేముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, మళ్ళీ కాలువ వదిలేదాకా ఆ చెరువే దిక్కు. కాలువ మొదట్లో ఉన్న మనకి ధీమా, చివర్లో ఉన్నవాళ్ళకి చెరువులో మట్టం చూసుకునే పని.

మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. కావిడితో చెరువు నీళ్ళు తెచ్చి గోలెంలో పోసేవారు. మడ్డిగా ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపేవారు, పొద్దుటికి తేరుకునేవి. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి, అక్కణ్ణుంచి గేదె కడుపులోకి. స్నానాల నీళ్ళు పెరట్లో అరటి పాదులోకి. అప్పట్లో వాళ్ళకి పర్యావరణం అన్న మాట తెలీదు, కావిడి మోసే భుజం నొప్పి తెలుసు. అది మంచికాలమని నేననను. ఆ కావిళ్ళు మళ్ళీ రావాలనీ అనను. నీటి బరువు భుజానికి తెలిసినన్నాళ్ళు ఎవరూ పారబోయలేదు, అంతవరకే. ఇప్పుడు ఆ బరువు మోటారు మోస్తోంది. మనకి తెలీదు. అందుకే ఇంట్లో ఎక్కడెక్కడ పోతోందో వెతికి పట్టుకోవాల్సి వస్తోంది.

అన్నిటికంటే పెద్ద దొంగ ఫ్లష్ ట్యాంకు. పాత రకం ట్యాంకు ఒక్కసారి లాగితే పది లీటర్లు పోతాయి. నలుగురున్న ఇంట్లో మనిషికి ఐదుసార్లనుకుంటే రెండు వందల లీటర్లు. ఇందాకటి 135 లెక్కలో ఆ ఇంటికి వచ్చేవి ఐదువందల నలభై. అంటే మూడోవంతుకు పైగా, తాగడానికి శుద్ధిచేసిన నీళ్ళు, మరుగుదొడ్డిలోకే. రెండు బటన్ల ట్యాంకు పెడితే పెద్దదానికి ఆరు లీటర్లు, చిన్నదానికి మూడు. అదే కుటుంబానికి డెబ్భై రెండు లీటర్లతో సరిపోతుంది. కాకపోతే ఏ బటన్ దేనికో ఇంటికొచ్చిన చుట్టాలకి ఎవరూ చెప్పరు, సిగ్గు. వాళ్ళు రెండూ కలిపి నొక్కుతారు. పైన చిన్న కాగితం అంటించండి, తప్పేం లేదు. ట్యాంకు మార్చలేని వాళ్ళు లీటరు సీసాలో ఇసుకా నీళ్ళూ నింపి, మూత బిగించి పాత ట్యాంకులో ఒక మూల నిలబెడితే ప్రతిసారీ లీటరు మిగులుతుంది. కొందరు ఇటుక పెడతారు. వద్దు, అది నాని పొడి రాలి వాల్వులో అడ్డం పడుతుంది.

ట్యాంకు వాడే నీళ్ళ కంటే అది కారడం ఇంకా ప్రమాదం. కుళాయి కారితే టప్‌మని చెప్తుంది. ఫ్లష్ ట్యాంకు అడుగు వాల్వు కారితే గిన్నె గోడ వెంట సన్నగా, చప్పుడు లేకుండా జారిపోతుంది. దీన్ని పట్టుకునే ఉపాయం ప్లంబరే చెప్పాడు. ట్యాంకు మూత తీసి అందులో కాస్త చిక్కటి కాఫీ డికాక్షనో, మిఠాయి రంగో కలపాలి. అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకూడదు. గిన్నెలోకి రంగు దిగిందంటే వాల్వు సీలు పోయినట్టే. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై ట్యాంకుల్లో ఈ పరీక్ష చేయించాను. ఆరింటిలో రంగు దిగింది. అందులో ఒకటి, ఆ రోజు మీటింగులో అందర్నీ నవ్వించిన పెద్దమనిషిది. పేరు చెప్పను, రేడియో వింటారు ఆయన.

డాబా మీద ట్యాంకు సంగతి మీ అందరికీ తెలిసిందే. మోటారు వేసి మర్చిపోతాం. మా మోటారు వెయ్యి లీటర్ల ట్యాంకుని ఇరవై నిమిషాల్లో నింపుతుంది. అంటే టీవీ సీరియల్లో ఒక్క ఏడుపు సీను అయ్యేలోగా, పది నిమిషాల్లో, ఐదువందల లీటర్లు గోడ వెంట కిందికి. పక్కింటివాళ్ళు "ఏమండోయ్ ట్యాంకు పొంగుతోంది" అని కేకేస్తే తప్ప తెలీదు. నీళ్ళు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే ఫ్లోట్ స్విచ్ ఉంది, పెట్టించండి. సంపులో మున్సిపల్ నీళ్ళు వచ్చేచోట బాల్ వాల్వు పనిచేస్తోందో లేదో కూడా చూడండి. తెల్లవారుజామున నీళ్ళొదిలే వేళ అది పాడైతే వీధి కాలవలోకి పొంగిపోయేది మనకి కనపడనే కనపడదు. ఇంటిల్లిపాదీ ఊరెళ్తున్నప్పుడు ట్యాంకు మట్టం గుర్తు పెట్టుకుని వెళ్ళండి. మీటరు వ్యాసమున్న గుండ్రటి ట్యాంకులో అంగుళం దిగితే ఇరవై లీటర్లు పోయినట్టు. ఎవరూ లేని ఇంట్లో నీళ్ళు ఎవరు వాడారో అప్పుడు మీరే ఆలోచించండి.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పని ఒకటి చెప్తాను, ఇది మా ఫిజిక్స్. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు కుళాయికి ట్యాంకు మూడు మీటర్ల ఎత్తున ఉంటే, కింది అంతస్తు కుళాయికి పదిహేను మీటర్ల ఎత్తున ఉన్నట్టు. ఎత్తు ఐదు రెట్లయితే నీటి వేగం ఐదుకి వర్గమూలమంత, అంటే రెండు రెట్లకి పైగా పెరుగుతుంది. పైపుల్లో రాపిడికి కాస్త తగ్గినా, పై అంతస్తువాళ్ళు మొహం కడుక్కునే నీళ్ళకి కింది అంతస్తువాళ్ళు దాదాపు రెట్టింపు పారబోస్తున్నారు, తమకి తెలీకుండానే. వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్ ఉంటుంది చూడండి, దాన్ని సగం తిప్పి వదిలెయ్యండి. అంతే. ఇంకా బాగుండాలంటే కుళాయి మూతికి ఏరేటరు బిగించండి. అది నీళ్ళలో గాలి కలిపి ధారని లావుగా చూపిస్తుంది, నీళ్ళు మాత్రం సగానికి సగం తగ్గుతాయి. బెంగళూరులో 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు అక్కడి జలమండలి హోటళ్ళకీ, మాల్స్‌కీ ఈ ఏరేటర్లు తప్పనిసరి చేసింది. మన బోరు నీళ్ళకి దాని జల్లెడలో తెల్లటి పెచ్చు పట్టేస్తుంది. నెలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెట్టి కడగాలి. ఆ ఓపిక లేకపోతే యాంగిల్ కాకే మేలు.

మంచినీళ్ళ మిషన్ గురించి చెప్తే చాలామందికి కోపం వస్తుంది. ఆర్వో మిషన్ ఒక లీటరు మంచినీళ్ళిచ్చి మూడు లీటర్లు బయటికి తోసేస్తుంది. ఇంట్లో రోజుకి పది లీటర్లు తాగితే ముప్పై లీటర్లు సింకులోకి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదేనని మన దేశ ప్రమాణం. అంతకంటే తక్కువ లవణాలున్న నీళ్ళకి ఆర్వో అక్కర్లేదు, వాడనివ్వొద్దని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది కూడా. ఆ లవణాలు కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొని మీ కుళాయిలో కృష్ణ నీళ్ళు కొలవండి. నేను కొలిచాను. మా ఇంట్లో ఆ మిషన్ మూలపడి రెండేళ్ళయింది, మామూలు వడపోత, మరగబెట్టడం, అంతే. మీది బోరు నీళ్ళే, లవణాలు ఎక్కువే అంటారా, మిషన్ ఉంచండి. కానీ దాని వెనక పైపుకి ఒక బకెట్ పెట్టండి. గిన్నెలు తోమడానికి, గచ్చు తుడవడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఎండాకాలం ఏసీ నుంచి కారే నీళ్ళూ అంతే. వాటిని ఇన్వర్టరు బ్యాటరీలో పోస్తామని కొందరంటారు, నేను ఆ సలహా ఇవ్వను.

అలవాట్ల గురించి ఎక్కువ చెప్పను, అవి మీ అమ్మగారు నాకంటే బాగా చెప్పి ఉంటారు. షవర్ కింద పది నిమిషాలకి ఎనభై, వంద లీటర్లు పోతాయి. బకెట్ స్నానానికి పాతిక లీటర్లు చాలు. డాబా మీద సోలార్ హీటరున్న ఇళ్ళల్లో వేడినీళ్ళు దిగేదాకా చన్నీళ్ళు వదిలేస్తాం. ముప్పావు అంగుళం పైపు పాతిక మీటర్లుంటే అందులోనే దాదాపు ఏడు లీటర్లుంటాయి, వాటిని బకెట్‌లో పట్టుకుంటే సరి. వాకిట్లో కళ్ళాపికి ఒక బకెట్ చాలేది, ఇప్పుడు పైపు పట్టుకుని వీధి తారు రోడ్డు కూడా కడుగుతున్నాం. రోడ్డు మనం కడగక్కర్లేదండీ, వాన వస్తుంది.

అసలు గొడవ ఇంకోటుంది. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళు మెయింటెనెన్స్‌లో కలిసిపోయి ఉంటాయి. కుళాయి కారిన ఇంటికీ, కట్టేసుకున్న ఇంటికీ ఒకటే బిల్లు. మరి ఎవడు వాషరు వేయిస్తాడు? ఫ్లాటుకొక మీటరు పెడదామంటే పాత కట్టడాల్లో కుదరదు. ప్రతి బాత్‌రూంకీ, వంటింటికీ డాబా మీంచి విడివిడిగా పైపులు దిగి ఉంటాయి, ఒక్క ఫ్లాటుకే మూడు నాలుగు మీటర్లు కావాలి. అందుకని, ఇప్పుడు పటమటలో పాత ఇళ్ళు పడగొట్టి కొత్త అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డర్లకీ, కొనేవాళ్ళకీ నాదొక విన్నపం. గోడలు లేవకముందే ఫ్లాటుకొకటే నీటి పైపు లోపలికి వచ్చేట్టు డిజైన్ చేయించండి. వంటింటికి కృష్ణ నీళ్ళకొక లైను, ఫ్లష్‌కి బోరు నీళ్ళకొక లైను పెట్టించండి. టైల్స్ అతికించాక ఈ పని చెయ్యాలంటే మళ్ళీ బద్దలు కొట్టాల్సిందే. బ్రోచర్లలో స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడిగేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగాలి.

లీకులు మాన్పడం చిన్నపని అనుకునేవాళ్ళకి చెన్నై సంగతి చెప్తాను. మన కృష్ణ నీళ్ళే తెలుగుగంగ కాలువలో కండలేరు మీదుగా పూండి జలాశయానికి వెళ్తాయి, 1996లో మొదటిసారి చేరాయి. కానీ మట్టి కాలువ గట్లు తెగుతూ, నీళ్ళు దారిలోనే ఇంకిపోతూ ఉంటే చెన్నైకి దక్కింది కొంచెమే. అప్పుడు పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ముందుకొచ్చి కాలువకి లైనింగ్ చేయించింది. కొత్త నది తేలేదు, కొత్త డ్యాము కట్టలేదు. ఉన్న కాలువ కారకుండా చేశారు, నీళ్ళు చేరాయి. అదే చెన్నై 2019లో వానల్లేక ఎండిపోయినప్పుడు జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలులో నీళ్ళు తెప్పించుకుంది. ఒక్కో రైలుకి పాతిక లక్షల లీటర్లు.

మన పటమట నుంచి బందరు రోడ్డు పట్టుకుని పోతే కంకిపాడు వస్తుంది. గంగా కావేరీ కలపాలని లెక్కలు వేసిన కె.ఎల్. రావు గారు పుట్టిన ఊరది. ఆయన పేరు పులిచింతల ప్రాజెక్టుకి పెట్టుకున్నాం. నదుల్ని కలిపే పెద్ద లెక్కలు ఆయన వేశారు. మన వంతుకి మిగిలింది బకెట్ లెక్కలే, వాటికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

ఈ రాత్రి పడుకోబోయేముందు ఫ్లష్ ట్యాంకులో కాస్త డికాక్షన్ పోసి, అరగంట ఆగి చూడండి. రంగు దిగితే రేపు పొద్దున్నే ప్లంబరుకి ఫోను చెయ్యండి. ఎల్లుండి కాదు, రేపే.